సర్వర్‌కు బొట్టు పెట్టే చెయ్యి

అశోక్‌నగర్‌లో నేను పనిచేసే కోచింగ్ సెంటర్‌కు ఒక ఆచారం ఉంది. దసరా రోజు సర్వర్‌ను ఆపేసి, దుమ్ము తుడిచి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేస్తాం. ఆ రోజంతా దాన్ని ఎవరూ ముట్టుకోరు. బొట్టు పెట్టినవాళ్లే మర్నాడు పొద్దున్నే ఆన్ చేయాలి. నేను చేరినప్పటి నుంచి ఆ చెయ్యి నాదే. ఒక దసరాకు మాత్రం నేను కుంకుమ భరిణె పట్టుకుని ముందుకు వంగుతుంటే, సెంటర్ నడిపే సార్ "ఆగమ్మా, ఈసారి కొత్త మేడం పెడ్తది" అన్నారు. అనడమేనా, భరిణె నా చేతిలోంచి తీసుకుని ఆమెకిచ్చారు.

ఒళ్లు మండిపోయింది. నవ్వుతూ నిలబడ్డాను గానీ, ఆ నవ్వు ఎట్లా తెచ్చుకున్నానో నాకే తెలుసు.

ఆమె బోనాలప్పుడు చేరింది. వయసులో నాకంటే చాలా చిన్నది. నారాయణగూడ నుంచి స్కూటీ మీద వస్తుంది. నేనేమో చిక్కడపల్లి నుంచి చెమటలు కక్కుతూ నడిచి వస్తాను. మా సర్వర్ లోపల వర్చువల్ మెషీన్లు నడుస్తాయి. అంటే, ఇక్కడి పాత ఇళ్లను గదులుగా విడగొట్టి హాస్టళ్లు చేసినట్టు, ఒకే పెద్ద కంప్యూటర్‌ను లోపల విడివిడి కంప్యూటర్లుగా చేసుకోవడం అన్నమాట. ఒకదాంట్లో ప్రశ్నపత్రాలు, ఒకదాంట్లో మార్కులు, ఒకదాంట్లో వీడియో పాఠాలు. అన్నీ నేను ఒక్కదాన్నే కట్టుకున్నవి. రోజూ పొద్దున ఒక్కోదాంట్లోకి వెళ్లి బాగుందో లేదో చూసేదాన్ని. సార్ వస్తూనే "ఎట్లున్నదమ్మా మన మిషన్?" అని నన్నడిగేవారు.

ఆమె వచ్చి గోడకు ఒక టీవీ పెట్టించింది. ప్రతి మెషీన్ పేరు, పక్కన ఒక దీపం. బాగుంటే పచ్చ, లేకుంటే ఎరుపు. అంతే, సార్ నన్నడగడం మానేశారు. చాయ్ కప్పు పట్టుకుని టీవీ ముందు నిలబడి "వహ్వా, అన్నీ పచ్చగున్నయి" అంటారు. ఆ పచ్చదనం వెనుక నా ఇన్నేళ్ల చాకిరీ ఉందని ఎవరికి పట్టింది? ఈ సెంటర్‌లో నాకున్నదల్లా ఆ ఒక్క పలకరింపు. అదీ పోయింది. ఇక భరిణె కూడా పోతే నేనక్కడ ఎందుకు?

దసరా మర్నాడు ఆమే సర్వర్ ఆన్ చేసింది. దీపాలన్నీ పచ్చగా వెలిగాయి. ఆ పొద్దున పిల్లలకు మాక్ టెస్ట్ ఉంది. మొదలయ్యే టైముకు ఫోన్లు మోగడం మొదలైంది.

"అక్క, ఈరోజు పరీక్షే లేదని వస్తుంది. ఏందిది?"

"హాస్టల్ల అందరికీ గట్లనే వస్తుందక్క!"

తల తిప్పి టీవీ చూశాను. అన్నీ పచ్చే. సార్ టీవీ వైపూ ఆమె వైపూ చూస్తున్నారు. ఆమె ముఖం పాలిపోయింది. నా కడుపు మాత్రం చల్లబడింది. కావాలి, ఇంకా కావాలి అనుకున్నాను.

ఆమె నా దగ్గరికి వచ్చింది. "అక్క, నాకేం సమజైతలేదు. జర చూస్తరా?"

అడిగించుకోవాలనే కూర్చున్నాను. ఆ మాట పడగానే ప్రశ్నపత్రాల మెషీన్‌లోకి వెళ్లాను. పేరు సరిగ్గానే ఉంది, అడ్రసూ సరిగ్గానే ఉంది. కానీ పండగ ముందు నేను ఎక్కించిన ప్రశ్నపత్రం లేదు. నేను పెట్టింది ఎక్కడికి పోతుంది? అంటే నేను దూరింది నా మెషీన్‌లోకి కాదు. సర్వర్ జాబితా తెరిచి చూస్తే, అసలుతో పాటు దాని కాపీ ఒకటి నడుస్తోంది.

"ఇదెవరు చేసిన్రు?" అన్నాను, సార్‌కు వినబడేలా.

పండగకు ముందు, నేను ఆ ప్రశ్నపత్రం ఎక్కించకముందే, ఆమే చేసిందట, ఎప్పుడైనా పనికొస్తుందని. చేసి ఆపి ఉంచింది. అసలుదానికి ఉన్నట్టే దానికీ, సర్వర్ లేవగానే దానంతటదే లేవాలనే సెట్టింగ్ ఉండిపోయింది. పూజకని సర్వర్‌ను ఆపి లేపేసరికి అదీ లేచింది. అదే పేరు, అదే అడ్రసు. వచ్చిన పిల్లలందరికీ అదే జవాబిస్తోంది, టీవీకీ అదే "బాగున్నా" అని చెబుతోంది. కాపీని ఆపేశాను. కాసేపటికి పరీక్ష తెరుచుకుంది. ఫోన్లు ఆగాయి.

ఇక సార్ అనబోయే మాట కోసం కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. ఈలోపే ఆమె నోరు తెరిచింది. "తప్పు నాదే సార్. కాపీ చేసి పేరు, అడ్రసు మార్చలే. అక్క పట్టకపోతే పరేషాన్ అయ్యేటోళ్లం."

సార్ ముఖం విప్పారింది. "చూసినవామ్మా," అన్నారు నాతో, "తప్పు ఒప్పుకోవాలంటే ఎంత దిల్ ఉండాలె!"

ఓరి దేవుడా! బాగుచేసింది నేను, మెప్పు ఆమెకా? ఆ రోజు ఇంటికి పోయేదాకా పళ్లు నూరుతూనే ఉన్నాను.

దీపావళి దాటాక ఒక మధ్యాహ్నం ఆమె మిఠాయి డబ్బా తెచ్చి ముందు నాకే పెట్టింది. గచ్చిబౌలిలో పెద్ద కంపెనీలో ఉద్యోగం వచ్చిందట.

"ఇంటర్వ్యూల, కష్టమైన సమస్య ఏదన్నా పట్టినవా అని అడిగిన్రక్క. మన దసరా కథే చెప్పిన. మీరెట్ల పట్టిన్రో మొత్తం చెప్పిన. వాళ్లకు మస్తు నచ్చింది."

"నేను పట్టిన్నని చెప్పినవా?"

ఆమె డబ్బా మూత సర్దింది. "మా టీం పట్టిందని చెప్పినక్క."

మిఠాయి నోట్లో అలాగే ఉండిపోయింది. గచ్చిబౌలికి బస్సు మా వీధి చివరి నుంచే పోతుంది. ఇన్నేళ్లలో ఎక్కాలని నాకు ఒక్కసారీ తోచలేదు. ఈ చోటును లాక్కోవడానికి వచ్చిందని నేను కుమిలిపోయాను. ఆమె దీన్ని అసలు కోరుకోనేలేదు.

మరుసటి ఏడు దసరాకు సార్ భరిణె తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఇగ నువ్వే పెట్టాలమ్మా, ఇంకెవరున్నరు?"

పెట్టాను. మర్నాడు ఆన్ కూడా నేనే చేశాను. టీవీ మీద ఆమె పెట్టిన దీపాలన్నీ పచ్చగా వెలిగాయి, నాకు కడుపు మండింది.