స్నేహలత కారు గేర్‌బాక్స్

స్నేహలతకు ఏడాది నిండకముందే ఎడమ కాలికి పోలియో వచ్చింది. ఆ కాలితో క్లచ్ తొక్కలేదు. అందుకే భర్త గజేందర్ మస్కట్ నుంచి సెలవుకు వచ్చినప్పుడు పట్టుబట్టి ఓ పాత ఆటోమేటిక్ కారు కొనిపించింది. దానికి కుడికాలు ఒక్కటి చాలు. అప్పటిదాకా ఎవరో తీసుకెళితే తప్ప నందిపేట్ దాటని మనిషి, పసుపు కొమ్ముల సంచి పట్టుకుని ఆర్మూర్ మార్కెట్ యార్డులో తానే బేరమాడసాగింది. ఊళ్లో ఎవరికి పురిటి నొప్పులొచ్చినా ముందు ఆమె తలుపే కొట్టేవారు.

నిరుడు చలికాలంలో కారు మొరాయించింది. ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు. ఆర్మూర్‌లో కార్ల రిపేరు షెడ్డు నడిపే మేనమామ కొడుకు జితేందర్‌కు అప్పగించింది. చిన్నప్పుడు ఆమెను సైకిల్ మీద బడికి తీసుకెళ్లినవాడు అతనే.

"గేర్‌బాక్స్ లోపల ప్లేట్లు కాలిపోయినయ్ స్నేహా. గట్టి రకంవి ఏస్త, వేడెక్కకుంట పెద్ద ఆయిల్ కూలర్ పెడ్త. మునుపటికంటే మంచిగైతది. ఫికర్ చెయ్యకు."

ఎప్పుడు అడిగినా హైదరాబాద్ నుంచి సామాను రాలేదనేవాడు. ఈలోగా పసుపు సీజన్ అయిపోయింది. పంటను మరిది పోచన్న అమ్మేశాడు, ఆమెతో ఒక్క మాటైనా అనకుండా.

చివరికి, అంతా బాగైందని చెప్పి జితేందర్ కారు పంపాడు. ఆ వారంలోనే స్నేహలత ఊళ్లో నెలలు నిండిన మానసను, ఆమె అత్త లింగవ్వను ఎక్కించుకుని దవాఖానకు బయలుదేరింది. ఎత్తు మీద కారు ఆగి వెనక్కి జారింది. బ్రేకు మీద నిలబడ్డట్టు తొక్కిపట్టింది. వెనక వచ్చిన ఆటోవాడు వాళ్లను ఎక్కించుకుపోయాడు. కాన్పు క్షేమంగానే అయింది.

"బండి మంచిగలేదని ముందే చెప్తే అయిపోతుండె గదా బిడ్డా," అంది లింగవ్వ తర్వాత. స్నేహలత తలెత్తలేకపోయింది.

కారును నిజామాబాద్‌కు లాగించింది. అక్కడి మెకానిక్ గేర్‌బాక్స్ విప్పితే లోపల అవే మాడిన ప్లేట్లు. పైన మాత్రం కడిగి రంగు వేశారు. కూలర్ లేనే లేదు.

నేరుగా జితేందర్ షెడ్డుకు వెళ్లింది. అతను కాసేపు బుకాయించాడు. తర్వాత అటక మీది నుంచి పెట్టె దించాడు. అందులో కొత్త ప్లేట్లు, కూలర్, సీలు కూడా విప్పలేదు.

"మీ ఆయనే వద్దన్నడు. బండి షెడ్డుల ఉంటే స్నేహ ఇంట్ల ఉంటది, కొన్ని దినాలు లాగు అన్నడు."

"బండి నీకిచ్చింది నేను గదా బావా!"

అతను పెట్టెను ఆమె ముందుకు జరిపాడు. ఆమె అక్కడే నిలబడి మస్కట్‌కు ఫోన్ చేసింది.

"ఊరంతా నీ ముచ్చటే. ఆడిదానివి, యార్డుల నీకు బేరాలేంది?" అన్నాడు గజేందర్. "నీ మంచికే చెప్పిన."

"వెనక సీట్ల నిండు చూలాలు ఉండె. తెలుసా?"

"అన్నం తిన్నవా?" అని అడిగాడు. ఆమె ఫోన్ పెట్టేసింది.

ఆ పెట్టెను తానే నిజామాబాద్ తీసుకెళ్లి, గేర్‌బాక్స్ బిగించేదాకా షాపు ముందు కుర్చీలో కూర్చుంది. ప్రతి ప్లేటు లోపలికి పోవడం కళ్లారా చూసింది.

ఈ యేడు పసుపు తానే అమ్మింది. దసరాకు గజేందర్ వచ్చాడు. ఓ రోజు సిరికొండలో చుట్టాలింటికి ఇద్దరూ కారులో వెళ్లారు, ఆమే నడిపింది.

"మంచిగ గుంజుతున్నది," అన్నాడతను.

ఆమె ఊఁ అంది. అతను రేడియో పెట్టాడు. అతను తిరిగి మస్కట్ వెళ్లాక కూడా ఫోన్ చేస్తే ఎత్తుతుంది, పంట సంగతులు చెబుతుంది. కారులో ఎక్కడికి వెళుతున్నదీ మాత్రం చెప్పదు. అతనూ అడగడు.