నర్సప్ప ఎక్కబోయిన ఓడ

సముద్రం మీద మత్తుమందు దాటించే స్మగ్లర్లతో నేనొక్కణ్ణే యుద్ధం చేసినాను. ఆ యుద్ధంలో స్మగ్లర్లకు దెబ్బ తగల్లేదు. తగిలింది ఆదోని హమాలీ ఒకాయనకు. మీరు నవ్వుకోండి, నేనేమనుకోను. నేనూ నవ్వుతానే మొదలుపెడతాను ప్రతిసారీ, సగంలో నవ్వు ఆగిపోతుంది.

అప్పట్లో ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో సూపర్‌వైజర్ని. పత్తి బేళ్లు కంటైనర్లకెక్కించి, సీలు వేసి ఓడరేవుకు పంపించడం నా పని. ఒకరోజు రేవు నుంచి ఒక ఆఫీసరు వచ్చి మాకు పాఠం చెప్పినాడు.

"మీ పత్తి మధ్యలోనే మత్తుమందు దూరుస్తారు. మీకు తెలియకుండానే జైలుకు పోతారు. సీలు వేసే ముందు లోపలికెక్కి చివరిదాకా చూడండి."

అది నా తలకెక్కి కూర్చుంది. సముద్రాన్ని నేను టీవీలో తప్ప చూసింది లేదు. అయినా దేశం తీరమంతా నా నెత్తిన పెట్టినట్టు తిరిగినాను. హమాలీల సద్దిమూటలు విప్పించి జొన్నరొట్టెల మధ్య వేలు పెట్టి చూసినాను.

"ఏమన్నా దొరికెనా సార్?" అని అడిగినాడు నర్సప్ప.

"దొరికితే నీకు చెప్తానా?"

"చెప్పకున్నా ఫర్వాలేదు సార్, రొట్టె ఇయ్యి. ఆకలైతాంది."

నర్సప్పది హాలహర్వి దిక్కు పల్లె. వానల్లేక చేను బీడు పెట్టి మిల్లుకొచ్చినాడు. నా చిన్నాయన వయసుంటాది. నేను మాత్రం పేరు పెట్టే పిలిచేవాణ్ణి, సూపర్‌వైజర్ని గదా.

మార్చి నెల ఎండ. ఆ పూట కంటైనరు నిండినాక నర్సప్పను పిలిచి, తేమ పీల్చే సంచులు లోపల చివరన తగిలించి రమ్మన్నాను.

"ఒళ్లు కాలతాంది సార్. ఇంకెవర్నన్నా పంపరాదా?"

"సంచులు తగిలించేదానికి జ్వరం అడ్డమా? ఎక్కు."

ఎక్కినాడు. బేళ్లకూ పైకప్పుకూ మధ్య మనిషి పాకేంత సందుంటుంది. అందులో పాకుతా పోయినాడు.

అంతలో ఓనరు ఫోన్. ఆఫీసులోకి పోయి, చల్లగా ఫ్యాను కింద మాట్లాడి, తిరిగొచ్చేసరికి నర్సప్ప నా బుర్రలోంచి పూర్తిగా జారిపోయినాడు. ఆఫీసరు చెప్పినట్టు లోపలికెక్కాల్సిందే. కానీ ఒంటి మీద కొత్త తెల్లచొక్కా. కిందనే నిలబడి టార్చి వేసినాను. బేళ్లు కనబడినాయి. ఇంకేమీ లేదని గట్టిగా ప్రకటించి, తలుపులు మూయించి, సీలు బిగించి, పక్కన నిలబడి ఫోటో కూడా దిగినాను. ఆ ఫోటోలో నా మొహం చూడాలి మీరు, పులిని బోనులో పెట్టినోని మాదిరి.

లారీ పోయింది. డ్రైవరు బాషాది ఎమ్మిగనూరు. దారిలో ఇల్లే గదా, అన్నం తిని పోదామని బండి ఆపినాడట. ఇంజను ఆగేసరికి లోపలి నుంచి చప్పుడు. నాకు ఫోన్ చేసినాడు.

"సార్, కంటైనర్లో ఎవరో కొడతాండారు."

నా గుండె సంతోషంతో ఎగిరిందంటే నమ్మండి. దొరికినాడు స్మగ్లరు అనుకున్నాను.

"బాషా, సీలు ముట్టొద్దు. ముట్టినావంటే స్మగ్లింగు కేసు నీ మీదికొస్తాది."

"మనిషి సార్ లోపల. మూలుగుతాండాడు."

"మూలగనీ. వాళ్లకు అన్ని నాటకాలూ వస్తాయి. నేనొస్తాండా."

బైకు మీద పోయినాను. దారి పొడుగునా పేపర్లో నా ఫోటో ఏ పేజీలో వేస్తారా అని ఆలోచిస్తా పోయినాను. ఆ ఎండలో, ఆ ఇనప పెట్టెలో ఒక మనిషి నా కోసం కాచుకోనుండె.

పోయేసరికి లారీ చుట్టూ జనం. వాళ్లను నెట్టుకోని పోయి తలుపు మీద దబదబ బాదినాను.

"ఎవర్రా నువ్వు? సరుకు యాడ పెట్టినావు?"

లోపలి నుంచి సన్నగా గొంతు. "సార్... నేను నర్సప్పను."

"మా నర్సప్ప పేరు నీకెట్ల తెలుసురా?"

"సంచులు తగిలించినా సార్. తలుపు తీయి" అన్నాడు.

సంచులనేసరికి, ఆయన్ను లోపలికెక్కించింది నేనేనని గుర్తొచ్చింది. బాషా నన్ను పక్కకు తోసి, వెల్డింగు షాపాయన్ను పిలిపించి సీలు కోయించినాడు. జ్వరానికి బేళ్ల మీద ఒరిగి నిద్రపోయినాడట నర్సప్ప. మెలకువ వచ్చేసరికి చీకటి, కుదుపులు. ఇద్దరు పట్టి దించితే నేల మీద కూర్చున్నాడు. నీళ్లు తాగినాడు, కక్కినాడు, మళ్లీ తాగినాడు. నన్ను తిట్టలేదు. అసలు నా దిక్కు చూడలేదు.

ఆసుపత్రిలో సెలైను ఎక్కుతాంటే ఆయన భార్య లక్ష్మమ్మ వచ్చింది. "లోపల మనిషున్నాడేమోనని ఒక్క కేక వేయలేకపోతివా అప్పా?" అనింది, మెల్లగా. అరిచినా బాగుండు.

కొత్త సీలు వేసి లారీని పంపితే రేవు నుంచి అడిగినారు, సీలెందుకు మారిందని. లోపల మనిషున్నాడని నిజమే రాసినాను. దాంతో వాళ్లకు అనుమానం ముదిరి, బేళ్లన్నీ బయటికి లాగి, కుక్కలతో వాసన చూపించి, చివరికి ఒక చిన్న డబ్బా పట్టినారు. లోపల తెల్లటి పదార్థం. పరీక్షకు పంపినారు. ఓనరు నన్ను పనిలోంచి తీసేసినాడు. కొన్ని వారాలకు రిపోర్టు వచ్చింది: సున్నం. వక్కాకులోకి నర్సప్ప రొంటిన పెట్టుకునేది, బేళ్ల మీద పాకేటప్పుడు జారిపోయినట్టుంది.

ఆ సంగతి చెప్పొద్దామని వాళ్ల ఊరికి పోయినాను. అప్పటికి ఆయన మిల్లు మానేసినాడు. తలుపేసిన ఇంట్లో పడుకోలేక, గాలొచ్చినా వానొచ్చినా బయట అరుగు మీదే పండుకుంటాండాడని లక్ష్మమ్మ చెప్పింది. నేను రేవు సంగతంతా, కుక్కలతో సహా, నవ్వొచ్చేటట్టు చెప్పినాను. నర్సప్ప అంతా విని అడిగినాడు.

"డబ్బా మళ్లీ ఇస్తారా సార్?"

కాబట్టి అందరి ముందరా ప్రమాణం చేస్తాండాను. ఇక ఈ జన్మలో ఏ తలుపు మూసినా, లోపలికి తొంగిచూసి, గట్టిగా కేక వేసి, జవాబు రాదని రూఢి చేసుకున్నాకే గొళ్లెం పెడతాను. బీరువా మూసేటప్పుడు కూడా "నర్సప్పా" అని పిలుస్తాను. ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నేను మాత్రం ఎవరూ పలకలేదని నమ్మకం కుదిరేదాకా అట్లే నిలబడుకోనుంటాను.