అవ్వ నేర్చిన ‘నథింగ్ స్పెషల్’

పోయిన వారం నేను బడిలో ఉండగా నాయన ఫోన్ చేసి, “అవ్వ పోయిందమ్మా, బయల్దేరి రా” అన్నాడు. చిలమత్తూరు నుంచి కళ్యాణదుర్గం దాకా బస్సులో ఏడుస్తూనే వచ్చాను. మధ్యలో నవ్వు కూడా వచ్చింది. ఎందుకో చెబుతాను.

మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేను. నన్ను ఎవరైనా మెచ్చుకుంటే దిష్టి తగులుతుందని అవ్వకు భయం. “ఏం తెలివప్పా దీని మొగానికి! దీనికంటే గొర్రె నయం” అనేది వెంటనే. అది వినలేక, పదో తరగతిలో ఉండగా అవ్వకు ఇంగ్లీషు నేర్పాను.

“నన్ను తిట్టొద్దవ్వా. ‘నథింగ్ స్పెషల్’ అను. లేకుంటే ‘జస్ట్ లక్’ అను.”

“దిష్టికి ఇంగ్లీషు వచ్చునా?”

“రాదు.”

“రాకుంటే ఎట్లమ్మే? అది వినల్ల గదా!” అని కాసేపు ఆలోచించి, “నువ్వు నేర్చుకున్యావు, అదీ నేర్చుకుంటాదిలే” అంది.

ఇక ఆమెను ఆపడం మా వల్ల కాలేదు. శెనక్కాయ బాగా కాసిందంటే “జస్ట్ లక్కప్పా”. మేక కవల పిల్లల్ని ఈనితే “నథింగ్ పెసల్”.

ఇంటర్ అయ్యాక నా చదువు ఆగిపోయేలా ఉంటే, పేదపిల్లల్ని చదివించే ట్రస్టు మేడమ్ ఒకరు మా ఇల్లు చూడటానికి వచ్చారు.

“మీ మనవరాలు కాలేజీ ఫస్టంట కదా?”

“జస్ట్ లక్కు మేడమ్మా.”

“అంటే, బాగా చదవదా?”

“నథింగ్ పెసల్.”

మేడమ్ పెన్నుకు మూత పెట్టేశారు.

“అవ్వా, నిజం చెప్పు! లేకుంటే నా చదువు ఈడికే సరి” అన్నాను.

అవ్వ లేచి తలుపు మూసి గడియ పెట్టింది. కిటికీకి దుప్పటి అడ్డం కట్టింది. మేడమ్ చెవి దగ్గరికి వంగి, “ఇట్లా చదివే పిల్ల ఈ చుట్టుపక్కల యాడా ల్యా. మేకలు పక్కోళ్ల చేన్లో పడినా పుస్తకంలోంచి తలెత్తదు. టీచరయితాది, నాది పూచీ” అంది.

వెంటనే ఉప్పు, మిరపకాయలు తెచ్చి నాకు దిష్టి తీసింది. అంత పొగడ్త విన్నందుకు మేడమ్‌కూ తీసింది. పొయ్యిలో వేసిన మిరపకాయలకు, తలుపులు మూసిన ఇంట్లో ముగ్గురం ఒకటే దగ్గు.

“ఘాటు వచ్చిందంటే దిష్టి లేనట్టే!” అని అవ్వకు సంబరం. మేడమ్ కళ్లు తుడుచుకుంటూనే నా పేరు రాసుకున్నారు.

మొన్న పరామర్శకు వచ్చిన పక్కింటి పెద్దమ్మ, “బడి మొగం చూడని మనిషి నిన్ను టీచరమ్మను చేసింది. ఎంత గట్టిదమ్మే మీ అవ్వ!” అంది.

అలవాటుగా “నథింగ్...” అనబోయి ఆగాను. అట్లాంటి మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదని వీధిలోకి వినబడేలా చెప్పాను. ఇక ఆమెకు ఏ దిష్టీ తగలదు.

తలుపు బార్లా తెరిచే ఉంది. పొయ్యి పక్కన చేటలో అవ్వ ఎండబెట్టిన మిరపకాయల జోలికి ఎవరూ పోలేదు.