పదకొండో గుంత దిమ్మె

మొన్న వనపర్తిలో చెవుల డాక్టరు గదిలోంచి బయటికి వచ్చి, ఫీజు రసీదు మడిచి జేబులో పెట్టుకుంటూ, ఈ ఎడమ చెవి ఇన్నేళ్ళలో నా దగ్గర్నుంచి తీసుకుపోయినవన్నీ వరసగా లెక్క వేసుకున్నాను. సగం వినికిడి, నా భార్య వెండి కడియాలు ఒక జత, రెండు మేకలు, ఇరవై ఏళ్ళుగా ఒక్క నిమిషమైనా దొరకని నిశ్శబ్దం, వీటన్నిటితోపాటు తొమ్మిది వందల ఘనపుటడుగుల మట్టి. ఆ చివరిది వింటే నవ్వుతాడేమోనని డాక్టరుకు చెప్పలేదు గాని, ఆ కరువు రోజుల్లో పలుగూ పారా పట్టినవాళ్ళు మీలో ఉంటే మీకు అర్థమవుతుంది.

అప్పట్లో వడ్డేపల్లి వైపు ఒక కాలువ పనిలో, తిమ్మాజిపేట నుంచి వచ్చిన పన్నెండుమంది గుంపుకు నేను కొలతలు రాసేవాణ్ణి. చదివింది ఐదో తరగతే అయినా పొడవూ వెడల్పూ లోతూ గుణించి పైసలు కట్టడం నాకు నేనే నేర్చుకున్నాను. వంద ఘనపుటడుగుల మట్టికి నూట పది రూపాయలు. అది ఇద్దరి ఒక రోజు చెమట, అంటే తలా యాభై ఐదు. తవ్వకముందు నేల ఎంత ఎత్తులో ఉండేదో తెలియడానికి ప్రతి గుంత నడుమ ఒక మట్టి దిమ్మెను తవ్వకుండా వదిలేవారు. లోతుకు అదే సాక్షి. నేను దాని పక్కన టేపు పెట్టి కొలిచి, పుస్తకంలో రాసుకుని, సరే అన్నాకే దాన్ని కొట్టేసేవారు. కొట్టేశాక ఆ లోతు ఎవరూ చెప్పలేరు, గట్ల మీదంతా తవ్విన మట్టే పోసి ఉంటుంది కనుక.

పక్కన బండలు పేల్చిన రోజు నేను ఉండవలసినదానికంటే దగ్గరగా ఉన్నాను. ఆనాటి నుంచి ఎడమ చెవిలో సన్నగా, ఈల వేసినట్టు, ఎడతెగని మోత. గుంపులో చిన్నది, నన్ను అన్నా అని పిలిచే అమ్మాయి, "అన్న చెవ్వుల రేడియో పెట్టుకుండు, జర మాకు గూడ వినిపియ్యరాదె" అని అందరినీ నవ్వించేది; నేనూ నవ్వేవాణ్ణి. వారం తర్వాత పద్దెనిమిది గుంతలు కొలుస్తూ, కాంట్రాక్టరు మనిషి తొందరపెడుతుంటే, అంకెలు ఆ మోతలో మునిగిపోతుంటే, దిమ్మెలన్నీ కొట్టేయమన్నాను. సాయంత్రం కూడికలకు కూర్చుంటే పుస్తకంలో పదిహేడే ఉన్నాయి. పదకొండోది రాయనేలేదు. మిగతావాటిలాగే ముప్పై అడుగుల పొడవు, పది వెడల్పు, మూడు లోతు. తొమ్మిది వందల తొంభై రూపాయలు, తలా ఎనభై రెండున్నర. చెబితే నా పని పోతుందని భయపడి ఊరుకున్నాను.

కూలి పంచిన రోజే, గుంపుకు పెద్దదిక్కయిన ముసలమ్మ, నేను పెద్దమ్మ అని పిలిచే ఆవిడ, కొంగు ముడి విప్పి ఆరు వందల అరవై రూపాయలు నా చేతిలో పెట్టింది. పన్నెండుమందీ తలా ఒక రోజు కూలి వేసిన డబ్బు. "గద్వాలకు పోయి చెవ్వు సూపిచ్చుకో" అంది. వాళ్ళ మట్టిని పోగొట్టిన చేత్తోనే తీసుకున్నాను. ఒక్కో ప్రయాణానికి ఫీజు యాభై, చుక్కల మందూ మాత్రలూ నూట ముప్పై, బస్సుకు నలభై. మూడుసార్లకు సరిగ్గా ఆ డబ్బు అయిపోయింది, మోత మాత్రం రవ్వంత తగ్గలేదు.

మూడోసారి తిరిగి వచ్చాక ఉండబట్టలేక ఆవిడకు చెప్పేశాను. తట్ట కిందికి దించి, "తెల్సు బిడ్డా. పద్దెన్మిది తవ్వినం, పదిహేడింటికి పైసలొచ్చినయి. మా గుంతలు మాకు తెల్వవా?" అంది. మరి అడగలేదేమంటే, "అడిగితె కంట్రాక్టరు నిన్ను ఎల్లగొడ్తడు. నీ ఎనకాల వచ్చెటోడు వారానికో గుంత మింగుతడు. నువ్వు ఒక్కటే మింగినవ్" అని, నవ్వకుండానే తట్ట మళ్ళీ ఎత్తుకుంది.

తర్వాత మేకలూ కడియాలూ అమ్మి నాగర్‌కర్నూల్లో ఒకరికి, వనపర్తిలో మరొకరికి చూపించాను. ఇది పోయేది కాదు, అలవాటు చేసుకోమన్నారు. ఆపైన రెండేళ్ళలో, పోయిన గుంత పాలూ చెవికి వేసిన కూలీ కలిపి, తలా నూట ముప్పై ఏడున్నర తిరిగి ఇస్తూ వచ్చాను. పదకొండుమంది తీసుకున్నారు, ఆ చిన్నది ఎనిమిదణాల బిళ్ళ వెనక్కి ఇచ్చి రేడియోకు సెల్లు కొనుక్కోమంది. పెద్దమ్మ ఒక్కతే తీసుకోలేదు. మోత ఆగినప్పుడు ఇయ్యి, అంది. ఏటా తిమ్మాజిపేటకు వెళ్ళేవాణ్ణి, ఆగిందా అని అడిగేది. ఆగిందని ఒక్క అబద్ధం ఆడితే తీసుకునేదేమో గాని, ఆవిడ ముందు ఇంకో తప్పు లెక్క చెప్పడానికి నోరు రాలేదు. ఒక ఏడు వెళ్ళేసరికి ఇంటికి తాళం ఉంది. పెద్దమ్మ పోయి నెల అయిందని పక్కింటివాళ్ళు చెప్పారు.

ఇప్పుడు మట్టి తవ్వేది యంత్రం, పైసలు గంటల లెక్కన. ఏ గుంతలోనూ దిమ్మె మిగలదు, కొలిచేవాడి అవసరమూ లేదు, ఎవరి చెమట ఎంత లోతుకు దిగిందో చెప్పే సాక్షీ లేదు. మొన్నటి డాక్టరు మూడు వందలు తీసుకుని, అలవాటు చేసుకోమన్న పాత మాటే చెప్పాడు. ఇది రాస్తుంటే కూడా ఎడమ చెవిలో ఈల వినిపిస్తూనే ఉంది, అంటే పెద్దమ్మ పెట్టిన గడువు ఇంకా రాలేదు. ఆవిడకు నా బాకీ నూట ముప్పై ఏడు రూపాయల యాభై పైసలు.