తన్ని అంటే నీళ్ళు

ఎక్సెల్ వచ్చన్న ఒక్క కారణంతో, లెక్కల అయ్యవారినైన నన్ను కొత్త టీచర్ల డేటా చూసే పనిలో వేశారు. పాఠం పుంగనూరులో, మీటింగు మదనపల్లెలో, పర్యవేక్షణ కుప్పం దాకా. జిల్లాలు విడిపోయినా ఆ ప్రాజెక్టు మాత్రం విడిపోలేదు.

ఉద్దేశం మంచిదే. కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లకు ఏ ఇబ్బంది ఉందో తెలుసుకుని సాయపడాలి. అందుకోసం వాళ్ళు ప్రతి శనివారం ఫోనులో యాప్ తెరిచి, "మీకు తగిన సహకారం అందుతోందా?" అన్న ప్రశ్న కింద పచ్చ చుక్కో ఎర్ర చుక్కో నొక్కాలి. నాలుగు మాటలు రాసుకోవడానికి అడుగున ఒక గడి కూడా ఉండేది. అయితే ఎర్ర చుక్కలు పెరిగితే మా అధికారి పైవాళ్ళకు సంజాయిషీ ఇచ్చుకోవాలి. కాబట్టి ఎర్ర చుక్క కనబడగానే నేను ఆ టీచరుకు ఫోన్ చేసి ఎందుకు నొక్కావని అడగాలి. మేమిచ్చే సహకారం అంతే.

కుప్పం అవతల, తమిళనాడు సరిహద్దులో ఉన్న ఒక పల్లె బడి నుంచి మూడు వారాలు వరసగా ఎర్ర చుక్క వచ్చింది. ఫోన్ చేశాను. ఆ టీచరు కలికిరి అమ్మాయి, మొదటి ఉద్యోగం.

"ఒకటో తరగతి బిడ్డలు ఇండ్లల్లో తమిళమే మాట్లాడతారు సార్. నేను చెప్పేది వాళ్ళకు తెలీదు, వాళ్ళు యాల ఏడస్తాండారో నాకు తెలీదు" అంది.

"యాప్‌లో దానికి ఆప్షన్ లేదమ్మా. ఈ వారానికి పచ్చది నొక్కేయి."

"పచ్చది నొక్కితే వాళ్ళ మాట నాకు అర్థమవుతాదా సార్?"

నాకు నవ్వొచ్చింది. నవ్వి ఫోన్ పెట్టేశాను. శనివారం ఆమె పచ్చదే నొక్కింది.

మదనపల్లె మీటింగులో తెర మీద పటం నిండా పచ్చదనమే. మా కరువు సీమ అంత పచ్చగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. అధికారి నాకు శాలువా కప్పి, "ఎట్ల సాధించినావప్పా? ఆ కుప్పం టీచరమ్మ మీద ఒక విజయగాథ రాసుకోని రా, ఫోటోలు గూడా ఉండాల" అన్నాడు.

విజయగాథ కోసం బస్సెక్కి వెళ్ళాను. నేను వెళ్ళేసరికి ఆమె నేల మీద పిల్లల మధ్య కూర్చుని ఒక నోటు పుస్తకంలో ఏదో రాసుకుంటోంది. పిల్లలు అనే మాటలు తెలుగు అక్షరాల్లో ఒక పక్క, బడిలో మధ్యాహ్న భోజనం వండే, రెండు భాషలూ వచ్చిన వంటామెను అడిగి తెలుసుకున్న అర్థాలు ఇంకో పక్క. మొదటి పేజీలో మొదటి మాట 'తన్ని'.

"ఒక పాప వచ్చి 'తన్ని, తన్ని' అనింది సార్. పక్కనోడు తన్నినాడనుకోని వాని చేత గుంజీలు తీయించినా. తర్వాత వంటామె చెప్పింది, ఆ పాప నీళ్ళు అడగతాండాదని. వాడు ఇప్పటికీ నా దగ్గరికి రాడు."

వాణ్ణి చూపించింది కూడా. గుమ్మం పక్కన కూర్చున్నాడు, ఒక కాలు బయటే పెట్టి.

"ఇదంతా కింద గడిలో రాసినా గదా సార్. మీరు సదవలేదా?"

చదవలేదు. ఆ గడి ఉంటే నా ఎక్సెల్ పట్టిక ప్రింటు కాగితం వెడల్పులో పట్టడం లేదని దాన్ని మొదటి వారమే నేను కనబడకుండా దాచిపెట్టేశాను. ఆమెతో ఆ మాట చెప్పే ధైర్యం లేక, "సూస్తానమ్మా" అన్నాను. ఫోటో తీయకుండానే తిరుగు బస్సెక్కాను.

మర్నాడు ఆ గడి తెరిచాను. అందరూ రాశారు. గంగవరం వైపు టీచరు, "రిజిస్టర్లు ఎట్ల రాయాలో చెప్పేవాళ్ళు లేరు" అని రాశాడు. రామసముద్రం వైపు ఆమె, మూడు తరగతులు ఒకే గదిలో ఎలా నడపాలని అడిగింది. కుప్పం చుట్టుపక్కల నలుగురు ఒకరికొకరు తెలియకుండానే ఒకే సంగతి రాశారు: పిల్లల భాష మాకు రాదు. నెలల తరబడి అడుగుతూనే ఉన్నారు, పచ్చ చుక్కల కిందే.

తరువాతి మీటింగులో విజయగాథకు బదులు ఇవన్నీ చదివి వినిపించాను. అధికారి ఓపిగ్గా విని, "ఇవన్నీ ఎర్రవా, పచ్చవా?" అన్నాడు.

"పచ్చవే సార్."

"మరింక సమస్య యాడుండాదప్పా?"

టీ వచ్చింది. అందరూ తాగారు.

అక్కడ జరగనిది ఫోనుల మీద జరిగింది. కలికిరి అమ్మాయిని అడిగి ఆ నోటు పుస్తకం జిరాక్సు తీయించి, కుప్పం వైపు మిగిలిన ముగ్గురికీ పంపాను. ఒకరి నంబరు ఒకరికి ఇచ్చాను. వాళ్ళు శనివారాలు సాయంత్రం ఆమె బడి వసారాలో కలుసుకోవడం మొదలుపెట్టారు. వంటామె నేర్పేది, వీళ్ళు రాసుకునేవాళ్ళు. ఒక శనివారం నేనూ వెళ్ళి, గడి నేనే దాచానని ఆ వసారాలోనే ఆమెకు చెప్పుకున్నాను. రాసుకోమని నాకూ ఒక పెన్ను ఇచ్చింది.

ఈ సంగతి ఎలా తెలిసిందో గానీ, రెండు నెలలకు ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. శనివారం సమావేశాలు మంచి ఫలితాలిస్తున్నందున, ఇకపై వాటి హాజరును సెల్ఫీతో సహా యాప్‌లో నమోదు చేయవలెను. సెల్ఫీలో వంటామె ఉండరాదు, ఆమె సిబ్బంది కాదు.

నన్ను డేటా పని నుంచి తప్పించారు. శాలువా వెనక్కి అడగలేదు.