అలాంటిదే ఇంకొకటి

రాయ్‌పూర్ శివారు ఉర్లాలో ఒక ఇనుప ఫ్యాక్టరీ ఆఫీసులో గేట్ పాసులు రాయడం నా ఉద్యోగం. ఆ సంగతి మా కాలనీలో సగం మందికి తెలియదు, తెలిసిన సగం మందికీ పట్టదు. సాయంత్రం నేను బస్సు దిగి డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీ గేటు దాటేసరికి ఎవరో ఒకరు ఎదురొచ్చి అడిగే మాట వేరే ఉంటుంది. "అయిపోయింది. అలాంటిదే ఇంకొకటి చెప్పు." అలాంటిది అంటే ఆ మధ్యాహ్నమే చూసి ముగించిన కొరియా సీరియల్‌ లాంటిదని అర్థం. చైనాదీ, జపాన్‌దీ, థాయ్‌లాండ్‌దీ అయినా పరవాలేదు. మా వాళ్లకి అన్నీ కొరియాయే.

ఇదంతా కరోనా ఏడాది మొదలైంది. మన సీరియళ్ల షూటింగులు ఆగిపోయి, చూసినవే మళ్లీ మళ్లీ వేస్తున్న రోజులవి. ఎవరి ఫోన్లోనో హిందీ మాటలతో ఒక కొరియా కథ దొరికింది. మొదటి రెండు రోజులు అందరి ముఖాలూ ఒకేలా ఉన్నాయని నవ్వుకున్నాం. మూడో రోజుకి అందులో అత్తగారిని తిట్టుకుంటున్నాం. మేము రైల్వే పని కోసం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రెండు తరాలుగా రాయ్‌పూర్‌లో ఉన్నవాళ్లం, హిందీలో విని తెలుగులో ఏడవడం మాకు కొత్త కాదు.

నాకు పని త్వరగా పట్టుబడింది. సీరియల్ చెప్పడం పెళ్లి సంబంధం చెప్పడం లాంటిది. బాగుంటే వాళ్ల అదృష్టం, బాగోకపోతే మన తప్పు. ఎదురు క్వార్టర్ ఆవిడ డాక్టర్ల ప్రేమకథ ఒకటి చూసి పిచ్చెక్కి నా దగ్గరికి వచ్చింది. వరసగా మూడు డాక్టర్ల కథలు చెప్పాను. మూడూ నచ్చలేదంది. నాకు ఒళ్లు మండి, "అసలు మొదటిదాంట్లో నీకు నచ్చిందేంటి?" అని నిలదీశాను. ఆవిడ, ఆ హీరో వాళ్ల అక్క ఇంట్లో పదిమందీ నేల మీద కూర్చుని అన్నం తింటారే, అది, అంది. ఆవిడ ఇంట్లో ఉన్నది భార్యాభర్తలిద్దరే, ఇద్దరివీ వేర్వేరు షిఫ్టులు. ఆ రోజు నుంచి ఆవిడకి జనం కిక్కిరిసిన ఇళ్ల కథలే చెప్పాను. ఒక్కటీ గురి తప్పలేదు. అప్పటినుంచి నేను కథ ఏంటని అడగడం మానేసి, ఎక్కడ చూపు ఆగిందని అడగడం మొదలుపెట్టాను. కోపిష్టి మొగుళ్లు కావాలనేవాళ్లకి థాయ్ కథలు చెప్పేదాన్ని. తలనొప్పి లేకుండా కూర్చోవాలనుకునేవాళ్లకి జపాన్‌వి చెప్పేదాన్ని. వాటిలో మాటలు తక్కువ.

మా కాలనీ ఆడవాళ్ల పద్ధతి ఇంకొకటుంది. ముగింపు ముందే చెప్పకపోతే ఎవరూ మొదలుపెట్టరు. "ఏటక్కా, ఆ పిల్ల సచ్చిపోద్దేటి? ముందది సెప్పు, నేకపోతే సూడను," అంటుంది ఎదురావిడ. ముగింపు చెప్పేస్తే చూడటం దేనికని మా ఆఫీసు కుర్రాళ్లు నెత్తి కొట్టుకుంటారు. ఇంటి పని, బయటి పని చేసొచ్చిన మనిషి తెలిసి తెలిసి ఏడుపులోకి ఎందుకు నడవాలి? కాబట్టి ముగింపుకి పూచీ నాది. అందరూ బాగుంటారని నేను మాటిస్తే, బాగుండి తీరాలి.

ఇప్పుడు నా దొంగతనం ఒప్పుకోవాలి. ఆ కథలు ఎక్కువగా పదహారు ఎపిసోడ్లుంటాయి. పన్నెండో ఎపిసోడ్ దగ్గరికి వచ్చేసరికి అపార్థాలు తొలగి అందరూ ఒకచోట చేరి నవ్వుతుంటారు. అక్కడ నేను ఫోన్ ఆపేస్తాను. ఆ తర్వాత ఏదో ఒక కష్టం తెచ్చిపెడతారని తెలుసు. తెలిసీ ఎందుకు చూడాలి? చివరికి ఏమైందో కింద జనం రాసే మాటల్లో చదివి సరిపెట్టుకునేదాన్ని. ఒక్కోసారి అదీ చదవలేదు.

సిస్టరమ్మ విషయంలో అదే చేశాను.

సిస్టరమ్మ అంటే రైల్వే ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైన ఆవిడ. గోదావరి జిల్లా వాళ్లు, చర్చికి వెళ్లే కుటుంబం. క్వార్టర్ ఖాళీ చేశాక పక్క గల్లీలోనే ఇల్లు కట్టుకున్నారు. కాలనీలో సగం మంది పిల్లలకి మొదటి ఇంజెక్షన్ ఆవిడ చేతి మీదుగానే పడింది. నన్ను "అమ్మాయ్" అంటుంది, నాకు నలభై ఆరేళ్లు వచ్చినా సరే. ఒకరోజు నన్ను వంటింట్లోకి పిలిచి, రొమ్ములో గడ్డ తగులుతోందనీ, బీపీ ఉన్న వాళ్లాయనకి చెప్పలేదనీ, నన్ను తోడు రమ్మనీ చెప్పింది. దేవేంద్ర నగర్‌లో ఒక ల్యాబుకి వెళ్లాం. సూదితో ముక్క తీశారు. రిపోర్టుకి పది రోజులన్నారు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో రసీదు మీద తేదీ చూసుకుంది. తర్వాత, "అమ్మాయ్, మొన్న నువ్వు చెప్పింది అయిపోయింది. అలాంటిదే ఇంకోటి చెప్పు. పది రోజులూ గడవాలి కదా," అంది.

ఆ ఆటోలోనే నా తెలివితేటలన్నీ బయటికి తీశాను. ఒక్కొక్క కథా తలుచుకుంటే ప్రతిదాంట్లోనూ ఆస్పత్రే. ఒకదాంట్లో కారు గుద్దుతుంది, ఒకదాంట్లో తల్లికి మతి పోతుంది, ఏమీ లేని కథలో కూడా హీరోకి జ్వరమొచ్చి సెలైన్ ఎక్కిస్తారు. ఆస్పత్రి లేని కథ కోసం వెతికి వెతికి, సముద్రం ఒడ్డున నూడుల్స్ కొట్టు నడుపుకునే ఒక పెద్దావిడ కథ పట్టుకున్నాను. చేపలు, గాలి, కూతురితో గిల్లికజ్జాలు. "అందరూ బాగుంటారు సిస్టరమ్మా, చివర్లో కూతురి పెళ్లి," అని మాటిచ్చాను. ఆ పెళ్లి పన్నెండో ఎపిసోడ్‌లో జరుగుతుంది.

ఆవిడకి రోజూ మధ్యాహ్నం రెండు ఎపిసోడ్లు చూసి, సాయంత్రం నాకు వాయిస్ మెసేజ్ పెట్టడం అలవాటు. నాలుగో రోజు మెసేజ్ విని నేను కొంచెం కంగారుపడ్డాను. "నూడుల్స్ ఆవిడ అచ్చం నాలాగే ఉంది కదమ్మా. ఈవిడ బాగుంటే నాకూ ఏం కాదనిపిత్తంది. నవ్వకు." మేము మొక్కులు మొక్కితే ఎగతాళి చేసే మనిషి నోట వచ్చిన మాట అది. అయినా పెళ్లితో ముగుస్తుంది కదా అని ధైర్యంగానే ఉన్నాను.

ఆరో రోజు సాయంత్రం ఉర్లా నుంచి వచ్చే బస్సులో నా పక్కన మా ఆఫీసు అమ్మాయి కూర్చుంది. ఛత్తీస్‌గఢీ పిల్ల. ఆమె ఫోన్‌లో నూడుల్స్ ఆవిడ కనిపించింది. తలకి గుడ్డ కట్టుకుని, ఆస్పత్రి గౌనులో, మంచం మీద. జుట్టు లేదు.

"యే కౌన్సా ఎపిసోడ్ హై?" అని ఎన్నోదో అడిగాను.

"తేరహ్‌వా, దీదీ. బహుత్ రోనా ఆ రహా హై," అంది ఆ పిల్ల. పదమూడోదట, ఏడుపొచ్చేస్తోందట. ఏం జబ్బని అడిగాను. తన రొమ్ము మీద చెయ్యి పెట్టి చూపించింది.

రోజుకి రెండు చొప్పున సిస్టరమ్మ ఈ మధ్యాహ్నం పన్నెండు దగ్గరికి వచ్చి ఉంటుంది. రేపు పదమూడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేశాను, మళ్లీ ఎత్తలేదు. ఇక బస్సంతా అబద్ధాలు అల్లుకుంటూ కూర్చున్నాను. ఆ సీరియల్ తీసేశారని చెప్దామా? మిగతాది చెత్తగా ఉందని, అందరూ విసుక్కుంటున్నారని చెప్దామా? ఇంతకన్నా మంచిది దొరికిందని ఫోన్ లాక్కుని మార్చేద్దామా? ఏదీ ఆవిడ దగ్గర నిలబడదని నాకే తెలుసు. నర్సుల దగ్గర అబద్ధం చెప్పి గెలిచినవాళ్లని నేను చూడలేదు.

ఇంటికి కూడా పోకుండా సరాసరి వాళ్ల గల్లీకి నడిచాను. వాళ్లాయన వాకింగుకి వెళ్లినట్టున్నారు, తలుపు తీసే ఉంది. సిస్టరమ్మ స్టీలు డబ్బాకి ఫోన్ ఆనించి, కళ్లజోడు పెట్టుకుని, ముందుకు వంగి కూర్చుంది. తెర మీద అదే మంచం, అదే గౌను. ఆవిడ ఆ మధ్యాహ్నం రెండుతో ఆగలేదు. పద్నాలుగులో ఉంది.

నేను గుమ్మం దగ్గరే నిలబడి ఏడ్చేశాను. "సిస్టరమ్మా, తప్పయిపోయింది. నేను పన్నెండు దాకానే చూశాను. మిగతాది చూడకుండానే బాగుంటుందని మాటిచ్చాను. నా మొహం, నాకు తెలియదు."

ఆవిడ నా వైపు చూడకుండానే చెయ్యి ఊపింది. "అరే, ఏడుపు తర్వాతమ్మా. ఇలా రా, ఆ నర్సు పిల్లని చూడు! సెలైన్ సూదికి ప్లాస్టర్ అలాగా వేసేది? చేతులు కడిగిందా? కడగలేదు. పేషెంటు తల దగ్గర పూలు! కీమో పేషెంటు దగ్గర పూలేంటి, బుద్ధుందా వీళ్లకి?"

పక్కన పాత క్యాలెండర్ కాగితం వెనక పెన్నుతో రాసుకుని ఉంది. పదమూడో ఎపిసోడ్ మొదలు ఆ ఆస్పత్రిలో జరిగిన తప్పులన్నీ వరసగా. దుప్పటి మార్చలేదు. మందు ఎక్కించే ముందు పేరు అడగలేదు. డాక్టరు కుర్చీలో కూర్చోకుండా నిలబడే చెప్పాడు. ల్యాబుకి వెళ్లొచ్చినప్పటి నుంచీ ఆవిడ ముఖంలో నేను చూడని కళ ఆ సాయంత్రం కనిపించింది. ఎవరినో తిట్టగలుగుతోంది.

నేను కళ్లు తుడుచుకుని పక్కన కూలబడ్డాను. "భయం వేయలేదా?"

"ఎందుకెయ్యదు? పొద్దున్న లేవంగానే చెయ్యి అక్కడికే పోతాది." ఫోన్ ఆపి, కళ్లజోడు తీసింది. "కానీ అమ్మాయ్, ముప్పై ఏళ్లు ఆస్పత్రిలో బతికాను నేను. నాకు ఆస్పత్రి లేని కథ కావాలని నీతో అన్నానా?"

అనలేదు. ఆ షరతు నాదే. ఆవిడ అలాంటిదే ఇంకొకటి అంది, అంతే.

"ఆరు రోజుల్నుంచి చేపలంటావు, సముద్రం అంటావు, కూతురి పెళ్లంటావు. ఒక్కసారన్నా ఎలా ఉంది సిస్టరమ్మా అని అడిగావా? మా ఆయనకి తెలీదు. తెలిసినదానివి నువ్వొక్కదానివే."

అడగలేదు. రోజూ ఆవిడ మెసేజ్ కోసం ఎదురుచూశాను, కథ ఎంతవరకూ వచ్చిందో అడిగాను, గడ్డ మాట ఎత్తితే ఎక్కడ కుప్పకూలుతుందోనని తప్పుకు తిరిగాను.

"నీకు భయం," అందావిడ. గొంతులో కోపం తగ్గింది. "మీ అమ్మ పోయింది దీంతోనే కదా. నాకు తెలుసు, ఆ వార్డులో నేనే ఉన్నాను."

అవును. మా అమ్మ రొమ్ము క్యాన్సర్‌తోనే పోయింది. ఆఖరి నెలలో ఆమె దగ్గర ఎవరూ జబ్బు పేరు ఎత్తలేదు, నేను కూడా. బాగైపోతుందమ్మా, ఎండాకాలం ఊరెళ్దాం అంటూ ఉండేవాళ్లం. ఆమె తలూపేది. ఒకసారి మాత్రం నాకేమవుతోందో ఎవరైనా చెప్పండే అంది. నేను దుప్పటి సర్దాను. ఆ మాట ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు, సిస్టరమ్మకి ఆ సాయంత్రం చెప్పాను. తర్వాత, "ఎలా ఉంది సిస్టరమ్మా?" అని అడిగాను. ఆవిడ చెప్పింది. ఎక్కడ తగులుతోందో, రాత్రుళ్లు ఏ ఆలోచనలు వస్తున్నాయో, కీమో అయితే ఆయనకి అన్నం ఎవరు వండుతారని ఎంత దిగులో, అన్నీ. వాళ్లాయన వచ్చేదాకా విన్నాను. నాకు ఊపిరి ఆడినట్టయింది. ఆవిడకీ ఆడిందనే అనుకుంటాను, టీ పెట్టి నాకో గ్లాసు ఇచ్చి తనూ తాగింది.

మిగతా రెండు ఎపిసోడ్లు మర్నాడు ఇద్దరం కలిసి చూశాం. నూడుల్స్ ఆవిడ బతికింది. పొట్టి జుట్టుతో మళ్లీ కొట్టు తెరిచింది. నేను భయపడ్డ కథ కాదది. ఎన్ని కథల్లో ఎంతమంది ఇలా బాగుపడ్డారో, నేను సగంలో లేచిపోయి ఎందరిని మంచం మీద వదిలేశానో అనిపించి నవ్వొచ్చింది.

పదో రోజు దేవేంద్ర నగర్ వెళ్లాం. కవరు నేను తెరుస్తానంటే ఇవ్వలేదు. కౌంటర్ దగ్గర నిలబడి తనే తెరిచింది. పెదాలు కదుపుతూ చదివింది. "ఏం లేదు. మామూలు గడ్డ. క్యాన్సర్ కాదు," అంది. ముందు బెంచీ మీద కూర్చున్నది నేను. ఆవిడ నా పక్కన కూర్చుని, "ప్రభువా," అని, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. అక్కడున్నవాళ్లు మాకేదో చెడ్డ కబురు వచ్చిందనుకున్నారు. ఒకాయన మంచినీళ్ల సీసా కూడా ఇచ్చాడు.

లేచేటప్పుడు, రిపోర్టు మడిచి పర్సులో పెట్టుకుంటూ అడిగింది. "నువ్వెప్పుడు చూపించుకున్నావ్?"

సెలవు దొరకదన్నాను, నొప్పేమీ లేదన్నాను, వచ్చే నెల చూద్దామన్నాను. ఆవిడ వార్డులో చూసే చూపు చూసింది. తర్వాత కౌంటర్ దగ్గరికి వెళ్లి, "ఇస్కా భీ కర్ దో భయ్యా, మేరీ బేటీ హై," అని, నన్ను తన కూతురని చెప్పి, నా పరీక్షకీ పేరు రాయించింది. నా సంచి, చెప్పులు తనే పట్టుకుని తలుపు బయట కూర్చుంది. "వెళ్లు. నేనిక్కడే ఉంటాను," అంది. లోపల రొమ్ము ఎక్స్‌రే, పది నిమిషాల పని.

నా రిపోర్టు రెండు రోజుల తర్వాత వచ్చింది. బాగానే ఉంది. మా అమ్మ పోయిన వయసు దాటి నాకు అప్పటికి మూడేళ్లు. ఆ ఆలోచనే నాకు రాదని మా ఆయనతో ఎప్పుడూ అనేదాన్ని. నిజానికి ప్రతి పుట్టినరోజుకీ ఆమె వయసు పక్కన నా వయసు పెట్టి చూసుకునేదాన్ని. ఈసారి పుట్టినరోజు వచ్చి వెళ్లిపోయిన వారానికి గుర్తొచ్చింది, చూసుకోలేదని.