ఉరకద్దని ఒట్టు వేయించుకున్న అవ్వ

ఎక్కడైనా తల్లులు పిల్లలకు నడక నేర్పుతారు. సిరిసిల్ల దిక్కు ఆ రోజుల్లో ఆగడం నేర్పారు. జీపు చప్పుడు వినబడితే ఉరకకూడదు, ఎక్కడివాళ్లక్కడ నిలబడి చేతులు పైకెత్తాలి. ఉరికినవాడు నక్సలైటే, ఇక సాక్ష్యమెందుకు, వెనక నుంచి కాల్చేస్తే సరి. చదువుకున్నోళ్లకు ఈ న్యాయం వింతగా ఉంటుందేమో గాని, కోనరావుపేట దిక్కు పల్లెల్లో ముక్కు కారే పిల్లలకు కూడా ఇది తెలుసు.

ఓదెలు ఉరికింది తెలియక కాదు, భయం ఆగక. జలపతికి తమ్ముడు, మూతి మీద మీసం కూడా సరిగా రాని వయసు. అన్నదమ్ములిద్దరూ సద్ది మూటతో చేను గట్టున పోతుంటే బాట మీద జీపు ఆగింది. జలపతి చేతులెత్తి నిలబడ్డాడు. ఓదెలు మక్కచేన్లోకి దూకాడు. తుపాకి పేలింది. జలపతి చేతులు దించలేదు. దించితే తనకూ అదే గతి. తమ్ముడు బోర్లా పడి, పిడికిట్లో మన్ను పట్టుకుని, కాళ్లు కొట్టుకుని కొట్టుకుని ఆగిపోయేదాకా అట్లా చేతులెత్తుకునే చూశాడు. మర్నాడు పేపర్లో ఎదురుకాల్పులు అని రాశారు. ఆ పోరడు ఎదురు కాల్చింది దేనితోనో, సద్ది మూటతోనో ఏమో, అది మాత్రం రాయలేదు.

ఆ తర్వాత తల్లి సత్యవ్వ మిగిలిన కొడుకును తీసుకుని సిరిసిల్ల చేరింది. ఆమె బీడీలు చుట్టేది. జలపతి కార్ఖానాలో సాంచాలు నడిపి బట్ట నేసేవాడు. వచ్చిన మొదటి రోజే ఆమె అతని చేయి తన నెత్తిమీద పెట్టుకుంది.

"ఎన్నడు ఉరకనని ఒట్టెయ్యి కొడుకా. బస్సు పోతే పోనియ్యి. వానొస్తే తడువు. ఉరకకు."

వేశాడు. బస్సులు పోనిచ్చాడు, వానల్లో తడిశాడు. కాని ఆ చేను మనిషిని వదిలితేగా. పగలంతా సాంచాల దడదడ తలకాయలో నిండి, కళ్లు మూస్తే తమ్ముడి కాళ్లు కొట్టుకోవడమే కనబడేది. ఒకనాడు తెల్లవారుతుండగా మానేరు ఇసుకలో నడుస్తూ నడుస్తూ, ఎప్పుడు మొదలుపెట్టాడో తనకే తెలియదు, ఉరుకుతున్నాడు. ఊపిరాడక కూలబడ్డాడు. తమ్ముడు పోయాక మొదటిసారి ఆ ఇసుకలోనే గుండె పగిలేలా ఏడ్చాడు. మర్నాడు మళ్లీ వెళ్లాడు. కొన్నాళ్లకు ఇసుక చాలక బాట ఎక్కాడు.

నలుగురూ లేవకముందే బాట మీద ఉరికే మనిషి ఆ కాలంలో ఎవరికి నచ్చుతాడు? ముందు పోలీసులు పట్టుకున్నారు. జీపు కనబడగానే అలవాటుగా చేతులెత్తాడు కాబట్టి ప్రాణం దక్కింది. ఠాణాలో బోర్లా పడేసి, ఒకడు వీపు మీద కూర్చున్నాడు, ఇంకొకడు అరికాళ్ల మీద లాఠీతో అందుకున్నాడు.

"ఎవనికిరా చిట్టీలు మోస్తున్నవ్?"

"ఎవలకు లేదు సారూ. ఊకెనే ఉరుకుతున్న."

"ఊకెనే ఉరుకుతడట. ఇంకో నాలుగు ఎయ్యి."

అరికాళ్లు చిట్లి గచ్చంతా నెత్తురైంది. కార్ఖానా సేటు పూచీ పడితే వదిలారు. సత్యవ్వకు మాత్రం సాంచా మీద పడి దెబ్బ తగిలిందని చెప్పాడు. ఆమె నమ్మినట్టే ఊరుకుంది.

పుండ్లు మానాయో లేదో, ఈసారి అన్నల వంతు. ఠాణాకు పోయి ప్రాణంతో తిరిగొచ్చాడంటే వీడు పోలీసోళ్ల మనిషేనని ఎవడో పుణ్యాత్ముడు వాళ్ల చెవిన వేశాడు. దళం వాళ్లు ఏటి అవతల తుమ్మకు కట్టేసి తుపాకి మడమతో పక్కటెముకల్లో పొడిచారు. పొద్దున్నే ఎవలకు ఖబర్ మోస్తున్నవని అడిగారు. అదే ప్రశ్న, అదే యాస. జలపతి కూడా అదే జవాబు చెప్పాడు. చివరికి వాళ్లలో ఒకడు అతని కాలు ఎత్తి చూసి, "వాళ్ల మనిషైతే వాళ్లు గిట్ల కొడ్తరానే?" అని కట్లు విప్పాడు. ఒకరి దెబ్బలు ఇంకొకరి దగ్గర సాక్ష్యం చెప్పాయన్నమాట. అడకత్తెరలో పోకచెక్క బతుకంటే ఇదే.

ఆ ఏడు జగిత్యాలలో ఒక యువజన సంఘం మారథాన్ పెట్టింది. జగిత్యాల నుంచి కోరుట్లకు, కోరుట్ల నుంచి మళ్లీ జగిత్యాలకు. పక్క సాంచా నడిపే మల్లేశం ఈ కబురు తెచ్చాడు. సత్యవ్వ చాటలో తునికాకు పెట్టుకుని కూర్చుని అంతా విన్నది.

"కొరివితోని తల గోక్కునుడు ఎందుకురా? ఒక్కన్ని మన్నుల పెట్టిన. నిన్ను గూడ పెట్టాల్నా?"

"అవ్వా, తమ్ముడు ఉరికి సచ్చిండు. నేను నిలబడి సచ్చిన. ఒక్కపారి నడిబాట మీద, అందరు చూడంగ, చేతులు దించుకొని ఉరకాలె. గంతే."

ఆమె ఒట్టు గుర్తుచేయనూ లేదు, తీయనూ లేదు. పోటీకి ముందు రోజు కోరుట్లలో చెల్లెలింటికి పోతున్నానని చెప్పి బస్సెక్కింది.

జలపతికి బూట్లు లేవు. కార్ఖానాలో మిగిలిన గుడ్డపేలికలు పాదాలకు చుట్టుకుని ఉరికాడు. పక్కటెముకలు ఊపిరి తీసినప్పుడల్లా గుచ్చుకున్నాయి. అయినా కోరుట్ల చేరేసరికి అతనే ముందున్నాడు. వెనక్కు మళ్లి జగిత్యాల బాట పట్టాడు. అటూ ఇటూ జనం చప్పట్లు కొడుతున్నారు. అప్పుడు వెనక నుంచి జీపు చప్పుడు వినిపించింది.

అది బందోబస్తు జీపు. ముందున్నవాడికి దారి చేయడానికి వస్తోంది. ఆ సంగతి అతనికీ తెలుసు. తెలిసి ఏం లాభం, కాళ్లు ఆగిపోయాయి, చేతులు పైకి లేచాయి. పోటీలో అందరికన్నా ముందున్న మనిషి నడిబాట మీద చేతులెత్తి నిలబడ్డాడు. తొడల మీదుగా ఉచ్చ కారిపోయింది. కుర్రకారు నవ్వారు. పెద్దవాళ్లు నవ్వలేదు.

"ఉరుకవోయ్, నిన్నెవలు ఆపిండ్రు?" అని జీపులోంచి ఒకడు అరిచాడు.

చేతులు దిగలేదు. వెనకున్నవాళ్లు ఒక్కొక్కరే దాటిపోయారు. ఇంతలో జనంలోంచి సత్యవ్వ వచ్చింది. ఒక చేయి పట్టి కిందికి దించింది, తర్వాత రెండోది దించింది.

"ఉరుకు కొడుకా."

"అవ్వా, ఎనుక జీపున్నది."

"నేను చూసుకుంట. ఒట్టు తీసేసిన. ఉరుకు."

ఉరికాడు. తమ్ముడికి గుండు తగిలిన చోట తన వీపు కూడా మండింది. ఇప్పుడు పేలుతుంది, ఇప్పుడు పేలుతుంది అనుకుంటూనే ఉరికాడు. పాత పుండ్లు పగిలి పేలికలు నెత్తుటితో తడిశాయి. జగిత్యాల చేరేసరికి బహుమతులు పంచేశారు. అతనికి ఆ ధ్యాసే లేదు. కోరుట్ల నుంచి బండి మీద వచ్చిన మల్లేశాన్ని ఒకటే అడిగాడు.

"నా ఎనుక జీపెందుకు రాలె?"

మల్లేశం తల వంచుకుని చెప్పాడు. సత్యవ్వ నడిబాట మీద రెండు చేతులూ చాపి జీపుకు అడ్డం నిలబడిందట. హారన్ కొట్టినా కదల్లేదు, బూతులు తిట్టినా కదల్లేదు. ఒకడు దిగి లాఠీతో భుజం మీద కొట్టాడు. కూలబడి మళ్లీ లేచి అక్కడే నిలబడింది. "నా కొడుకు మూల తిరిగేదాక గీ జీపు కదలద్దు" అందట.

సాయంత్రం బస్సులో కోరుట్లకు పోయేసరికి ఆమె చెల్లెలి అరుగు మీద కూర్చుని ఉంది. కుడి భుజం వాచి నల్లబడింది.

"ఉరికినవా?"

"ఉరికిన అవ్వా. చెయ్యి ఏదీ, చూపియ్యి."

"లేస్తలేదు. లేవకుంటె మానె. ఇగ జీపొస్తే ఎత్తే పని లేదు" అంది సత్యవ్వ.

జలపతి ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చున్నాడు.